సెవెన్స్ పోటీలకు మైకు పట్టిన త్రినాథ్

డబ్లిన్ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఇద్దరు త్రినాథ్‌లు ఉన్నారు. ఒకాయన పళ్ళ డాక్టరు. రెండో ఆయన మైకు త్రినాథ్. డాక్‌ల్యాండ్స్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నా ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఉగాది సంబరాలైనా, ఎవరింట్లో బారసాలైనా మైకు ఆయన చేతిలోనే ఉంటుంది. సన్నగా, పొట్టిగా ఉండే మనిషి. గొంతు మాత్రం ఇద్దరికి సరిపడా ఉంటుంది. అది దేవుడిచ్చిన వరమని ఆయన నమ్మకం. ఇచ్చేముందు దేవుడు తననొక మాట అడిగి ఉంటే బాగుండేదని భార్య మైథిలి అంటుంది.

వాళ్ళు ఉండేది స్వోర్డ్స్‌లో. పక్కింటి డెక్లన్ అక్కడి రగ్బీ క్లబ్బు సెక్రటరీ. 2024 మే నెలలో, కూతురు హాసిని పదిహేనో పుట్టినరోజున, త్రినాథ్ పెరట్లో మైకు పట్టుకుని, వచ్చిన ప్రతి కుటుంబానికీ పేరుపేరునా స్వాగతం చెబుతుంటే, కంచె మీదుగా డెక్లన్ తల కనిపించింది. గోల తగ్గించమంటాడేమోనని త్రినాథ్ గొంతు తగ్గించాడు. కాని డెక్లన్ అడిగింది వేరు.

"జూన్ చివరి శనివారం మా క్లబ్బులో సెవెన్స్ పోటీలున్నాయి. అనౌన్సరు కావాలి. వస్తావా?"

త్రినాథ్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఐర్లండ్ దేశం తన గొంతును గుర్తించిందని ఆ రాత్రే కాకినాడలో ఉన్న తమ్ముడికి ఫోను చేసి చెప్పాడు. ఎప్పుడూ మైకు పట్టే షేమస్ అనే ఆయనకు గొంతు ఆపరేషన్ అయిందనీ, తనకంటే ముందు నలుగురిని అడిగితే నలుగురూ కుదరదన్నారనీ తర్వాత తెలిసింది. ఆ విషయం తమ్ముడికి చెప్పలేదు.

ఇబ్బందల్లా ఒకటే, రగ్బీ గురించి ఆయనకు ఏమీ తెలియదు. పదిహేనేసి మంది ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి బురదలో పోగవుతారనీ, ఆ పోగు విడిపోయేసరికి టీ చల్లారిపోతుందనీ మాత్రం టీవీలో చూశాడు. డెక్లన్ నవ్వి, సెవెన్స్ వేరని చెప్పాడు. మైదానం అదే, అంగుళం కూడా తగ్గదు. మనుషులు మాత్రం జట్టుకు ఏడుగురే. ఏడు నిమిషాలు ఆడి, కాస్త ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఏడు నిమిషాలు. అంత జాగాలో ఒక్కడు తప్పించుకున్నాడంటే ఇక పట్టుకునేవాడుండడు. అందుకే ఆ ఆట ఒలింపిక్స్ దాకా పోయింది, పెద్ద రగ్బీలో ఎవరూ లెక్కచెయ్యని చిన్న దేశాలు కూడా ఇందులో పెద్దవాళ్ళను పరిగెత్తించి ఏడిపిస్తాయి అన్నాడు.

త్రినాథ్ శ్రద్ధగా తయారయ్యాడు. అంటే మూడు పేజీల స్వాగతోపన్యాసం రాసుకున్నాడు. ఆటగాళ్ళ పేర్ల జాబితాను మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పేర్లదేముంది, కాగితం చూసి చదవడమే కదా అనుకున్నాడు.

ఆ శనివారం పొద్దున మైదానం పక్కన ట్రక్కు మీద వేసిన చిన్న డేరాలో ఆయన కూర్చున్నాడు. ఇరవై నాలుగు జట్లొచ్చాయి. స్పెయిన్ అమ్మాయిలు, వేల్స్ కుర్రాళ్ళు, బ్రిటన్ సైన్యంలో పనిచేసే ఫిజీ వాళ్ళు. స్వాగతోపన్యాసం మొదటి పేజీ సగంలో ఉండగానే రిఫరీ ఈల వేసి ఆట మొదలుపెట్టేశాడు. మిగతా రెండున్నర పేజీలూ మడిచేసి త్రినాథ్ ఆతిథ్య క్లబ్బు అమ్మాయిల జాబితా తీశాడు.

మొదటి పేరు సి, ఎ, ఓ, ఐ, ఎం, హెచ్, ఇ. ఊపిరి బిగబట్టి "కావోయింహే!" అన్నాడు. మైదానంలో తలలన్నీ ట్రక్కు వైపు తిరిగాయి. తర్వాతి పేరులో ఎస్, ఎ, డి, హెచ్, బి, హెచ్ ఉన్నాయి. అచ్చుల కోసం వెతికి, ఎ ఒక్కటే దొరికితే, మిగతావి తనే జోడించి "సద్భావ!" అని చదివాడు. జనం పగలబడి నవ్వారు. జనానికి నచ్చింది కాబోలనుకుని రెండోసారి ఇంకా గట్టిగా చదివాడు.

ఫోను మోగింది. గుంపులో ఎక్కడో స్నేహితురాళ్ళతో కూర్చున్న హాసిని.

"డాడ్, ఇట్స్ కీవా! అండ్ దట్స్ సైవ్. ప్లీజ్, స్టాప్ సేయింగ్ నేమ్స్."

"పేర్లు చెప్పకపోతే నేనెందుకే ఇక్కడ?"

"ఎగ్జాక్ట్‌లీ," అని ఫోను పెట్టేసింది.

తర్వాతి ఆట ఫిజీ వాళ్ళది. ఆ జాబితా చూడగానే త్రినాథ్‌కు ప్రాణం లేచొచ్చింది. ప్రతి పేరూ చక్కగా అచ్చుతో ముగుస్తోంది. విలిమోని, సకారియా, తుయిలావు. తూర్పు గోదావరి పెళ్ళిపత్రిక చదువుతున్నట్టు హాయిగా చదువుకుంటూ పోయాడు. ఆట అయ్యాక ఆ జట్టు మేనేజరు సెమిసి, అరవై దాటిన భారీ మనిషి, ట్రక్కు మెట్లెక్కి వచ్చాడు. మెట్లతోపాటు త్రినాథ్ కుర్చీ కూడా ఊగింది.

"బాగా పలికారు," అన్నాడు సెమిసి. "నాలుగు తప్పులే. ఫిజీలో మీది ఏ ఊరు?"

"ఆయ్, మాది కాకినాడండి," అనేశాడు త్రినాథ్ కంగారులో తెలుగులో.

"కాకినాడ... అది ఏ దీవిలో ఉంది?"

దీవి కాదని చెప్పడానికి త్రినాథ్‌కు మనసొప్పలేదు. అయినా చెప్పాడు. సెమిసి చాలాసేపు నవ్వి, ఆ నాలుగు తప్పులూ దిద్దాడు. వాళ్ళ భాషలో సి అని రాసింది ద లాగా పలకాలట. బి ముందూ, డి ముందూ కంటికి కనిపించని ఒక చప్పుడు ఉంటుందట. నాది అని రాస్తే నంది అనాలి.

"అంటే మా సున్న!" అన్నాడు త్రినాథ్. జేబులోంచి స్వాగతోపన్యాసం తీసి, దాని వెనక ఆ పేర్లన్నీ తెలుగులో రాసుకున్నాడు. తిరిగి చదివితే ఒక్క తప్పు లేదు. సెమిసి కాగితం అందుకుని ఆ గుండ్రటి అక్షరాలను కాసేపు చూసి, ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ త్రినాథ్ తిండి మానేసి క్లబ్బు అమ్మాయిల గుడారానికి వెళ్ళాడు. లోపలికి అడుగు పెట్టడానికి మూడుసార్లు వెనకాడాడు. "పొద్దున మీ పేర్లు పాడుచేసింది నేనే. ఒక్కొక్కరూ మీ నోటితో చెప్పండి, రాసుకుంటాను," అన్నాడు. ముందుగా ఒక ఎర్రజుట్టు అమ్మాయిని పేరడిగితే "నీవ్" అంది.

"నేనా? త్రినాథ్," అన్నాడు.

ఆ అమ్మాయి పేరే నీవ్ అని తేలేసరికి ఒక నిమిషం పట్టింది. అందరూ చెప్పారు. ఆయన రాసుకుని తిరిగి చదివాడు. సైవ్ తన పేరును ఆ అక్షరాల్లో చూసి, ఇంగ్లీషులో ఆరక్షరాలు రాయాల్సింది మీ భాషలో రెండింటితో అయిపోయిందే అని ఆశ్చర్యపోయింది. ఇలా గుడారం తరవాత గుడారం తిరిగాడు. స్పెయిన్ వాళ్ళవీ, వేల్స్ వాళ్ళవీ పేర్లు ఎక్కించుకున్నాడు.

సాయంత్రం ఆటల్లో పేర్లు తప్పు పోలేదు. అంతకంటే వింత, ఆయన ఆటలో పడిపోయాడు. పద్నాలుగు నిమిషాల్లో ఒకడు ఏడ్చేవాడు, ఒకడు గెలిచేవాడు. వెంటనే మరో రెండు జట్లు వచ్చేసేవి. మనసు మళ్ళించుకునే వ్యవధి లేదు. పొద్దున పేర్లు చదవడానికి వచ్చినవాడు, నాలుగయ్యేసరికి బంతి చేతికందిన ప్రతివాడి కోసం కుర్చీలోంచి లేస్తున్నాడు.

అమ్మాయిల ఫైనల్లో ఆతిథ్య క్లబ్బూ, స్పెయిన్ జట్టూ తలపడ్డాయి. స్పెయిన్ నాలుగు పాయింట్ల ముందుంది. అవతలి జట్టు గీత దాటి బంతి నేలకు ఆనిస్తే ఐదు పాయింట్లు. రెండో సగంలో కూడా ఏడో నిమిషం అయిపోయి హారను మోగింది. త్రినాథ్ లేచి నిలబడ్డాడు. "ఇంతటితో ఆట ముగిసింది, స్పెయిన్ జట్టుకు మన హృదయపూర్వక అభినందనలు," అని మొదలుపెట్టి, శాండ్‌విచ్‌లు ఇచ్చిన బేకరీకీ, పార్కింగ్ చూసుకున్న పెద్దలకూ ధన్యవాదాలు చెప్పుకుంటూ పోయాడు.

హారను మోగాక కూడా బంతి ఆగేదాకా ఆట నడుస్తుందని డెక్లన్ చెప్పనే లేదు. చెప్పే ఉంటాడు. ఆ సమయంలో త్రినాథ్ ఉపన్యాసం రాసుకుంటూ ఉండి ఉంటాడు.

వర్షపు నీటి కాలువలు బాగుచేసిన కౌన్సిల్ వారి దగ్గరికి వచ్చేసరికి జనం ఒక్కసారిగా అరిచారు. తలెత్తి చూస్తే సైవ్. తమ గీత దగ్గర బంతి అందుకుని, ఇద్దరిని తప్పించి, గడ్డి అంచునే పరిగెత్తుతోంది. వెనక ముగ్గురు స్పెయిన్ అమ్మాయిలు. త్రినాథ్‌కు ఇంగ్లీషు మొత్తం ఎగిరిపోయింది.

"పరిగెత్తమ్మా సైవూ! ఎనక్కి చూడకు! ఎల్లిపో తల్లీ, ఎల్లిపో!"

నాలుగు స్పీకర్లలో కాకినాడ మారుమోగింది. సైవ్ గీత దాటి బంతితో సహా నేల మీద పడింది. ఒక్క పాయింటు తేడాతో ఆతిథ్య క్లబ్బు గెలిచింది. ఓడిన జట్టుకు ముందే అభినందనలు చెప్పేసిన అనౌన్సరు కుర్చీలో కూలబడి, మైకు ఆపడం మరిచిపోయి "ఓరి నాయనో, పరువు పోయింది" అనుకున్నాడు. అదీ స్పీకర్లలో వచ్చింది. అది అర్థమయినవాళ్ళు ఆ మైదానంలో ఇద్దరే. ఒకరు హాసిని, గుంపులో మొహం కప్పుకుంది. ఇంకొకరు మైథిలి, నవ్వి నవ్వి పక్కవాళ్ళ టీ ఒలకబోసింది.

స్పెయిన్ కెప్టెన్ దగ్గరికి వెళ్ళి త్రినాథ్ క్షమాపణ చెప్పాడు. ఒక నిమిషం పాటు గెలిపించినందుకు థాంక్స్ అందామె. డెక్లన్‌ను ఎలా చేశానని అడిగితే "ఇట్స్ గ్రాండ్", అంటే ఫర్వాలేదులే అన్నాడు. ఈ దేశంలో ఆ మాట ఇల్లు కాలిపోయినా అంటారని త్రినాథ్‌కు తెలుసు కాబట్టి ధైర్యం రాలేదు.

ఆ తర్వాత ఆయనకు సెవెన్స్ పిచ్చి పట్టింది. నెల తిరక్కుండా పారిస్ ఒలింపిక్స్‌లో ఐర్లండ్ మగవాళ్ళ జట్టు ఫిజీతో క్వార్టర్ ఫైనల్ ఆడి నాలుగు పాయింట్లతో ఓడిపోతే, ఎవరివైపు ఏడవాలో తెలియక రెండువైపులా ఏడ్చాడు. ఆఫీసులో గిరీష్ అనే కుర్రాడు లంచ్‌కు ఆయన పక్కన కూర్చోవడం మానేశాడు. మరుసటేడు ఐర్లండ్ మగవాళ్ళ సెవెన్స్ జట్టును రద్దు చేస్తున్నామని రగ్బీ పెద్దలు ప్రకటించినప్పుడు, ఆట గురించి తెలిసి ఏడాది కూడా నిండని త్రినాథ్ తీవ్రంగా నిరసిస్తూ మూడు పేజీల ఉత్తరం రాశాడు.

"ముందు మొదటి పేజీ సగం చాలు," అంది మైథిలి.

సగమే పంపాడు. అందిందని రెండు వాక్యాల జవాబొచ్చింది. ఫ్రిజ్ మీద అంటించాడు.

ఆ జూన్‌లో పోటీలకు షేమస్ గొంతు బాగయ్యి తిరిగొచ్చాడు. మైకు ఆయనకే. డెక్లన్ మొహమాటపడుతూ వచ్చి, "నువ్వు పేర్లు చూసుకుంటావా? జట్లన్నీ అడుగుతున్నాయి," అన్నాడు. అంటే పక్కన కూర్చుని షేమస్ చెవిలో చెప్పడం. మైకు ఉండదు, గొంతు అక్కర్లేదు. త్రినాథ్ ఒక పూటంతా అలిగాడు. సాయంత్రానికి కొత్త నోటుపుస్తకం కొన్నాడు.

పోటీల రోజు పొద్దున్నే సన్నగా వాన పట్టింది. ఈసారి జపాన్ నుంచి కూడా ఒక జట్టు వచ్చింది. త్రినాథ్ ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని వాళ్ళ గుడారం ముందు నిలబడి, పెన్ను మూత నోటితో తీశాడు.

"మీ పేరు చెప్పండి," అన్నాడు. "తొందరలేదు, నెమ్మదిగా చెప్పండి."