గాజులు తొడుక్కుని చుట్టిన మోటారు

మా వర్క్‌షాపు సారు పోయారని నాకు తెలిసేటప్పటికి ఆయన పదకొండో రోజు కూడా అయిపోయింది. హోసూరు మార్కెట్టులో నాతో పాలిటెక్నిక్‌లో చదివిన ఆమె కనబడి, బీన్సు ఏరుకుంటూనే చెప్పింది. పక్షవాతం వచ్చి మూడు నెలలు మంచంలో ఉన్నారట. ఇంటికి వచ్చి సంచి దించి వంట మొదలుపెట్టాను. ఈ వయసులో ఇలాంటి కబుర్లు పనుల మధ్యలో, ఆలస్యంగానే అందుతున్నాయి.

తొంభైల మొదట్లో నేను కృష్ణగిరిలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. సారు మా అందరిచేత తలా ఒక ఫైలు పెట్టించారు. చేసిన ప్రతి పనికీ అందులో ఒక కాగితం ఉండాలి. చెడిపోయిన పనికి మాత్రం రెండు: నేనేం అనుకున్నాను, చివరికి ఏమని తేలింది. తరగతిలో తమిళంలో చెప్పేవారు. హోసూరు పక్క బేరిగైలో తెలుగిళ్ళ పిల్లనని నాతో తెలుగులో మాట్లాడేవారు. చొక్కా జేబులో టెస్టరు, చెవి వెనక పెన్సిలు. ఏది అడిగినా జవాబు చెప్పేవారు కాదు, ఇంకో ప్రశ్న వేసేవారు. "బాగుండే పని ఎవురైనా చూపిస్తారమ్మా. చెడినప్పుడు ఏం చేసినావో అది చూపించు" అనేవారు.

చదువు అయ్యాక మా నాన్న ఆరు నెలలు గడువు ఇచ్చారు. ఆలోపు ఉద్యోగం దొరక్కపోతే ఇంటికి వచ్చి పట్టుపురుగుల పని చూసుకోవాలి. నాలుగో నెలలో హోసూరులో ఒక ఫ్యాక్టరీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. నాకు చిన్నప్పటినుంచీ ఏదైనా శుభ్రంగా ఉండాలి. కొట్టివేతలతో, నూనె మరకలతో ఉన్న ఆ చెడిన పనుల కాగితాలన్నీ తీసి నీళ్ళ పొయ్యిలో వేశాను. మిగిలినవి చక్కగా తిరగరాసి అట్ట వేశాను. అక్కడి ఆఫీసరు ఫైలంతా తిప్పి, మూడేళ్ళలో నీ చేతిలో ఒక్కటీ చెడిపోలేదా అని అడిగాడు. లేదన్నాను. ఆయన ఫైలు మూసి నా వైపు తోశాడు.

సారుకు చెప్పడానికి వెళ్ళాను. కాగితాలు కాల్చేసిన సంగతీ చెప్పాను.

"అయితే మళ్ళా చెడగొట్టు. అప్పుడు ఎట్ల చెడిందో అట్లనే."

అలా మూడు వారాలు బేరిగై నుంచి హోసూరు, హోసూరు నుంచి కృష్ణగిరి బస్సులు మారుతూ తిరిగాను. చాలావరకు జ్ఞాపకం మీద తిరిగి చెడగొట్టగలిగాను. రెండో ఏట నేను రాగితీగ చుట్టిన మోటారు ఒక్కటి లొంగలేదు. అప్పట్లో అది కాలిపోతే, తీగ ఇనుముకు తగలకుండా లోపల పెట్టే కాగితం చినగడం వల్లేనని రాసుకున్నాను. ఇప్పుడు కావాలనే కాగితం చించి, తీగ చుట్టాను. తీగ ఇనుముకు తగిలి ఉంటే టెస్టు దీపం వెలగాలి. వెలగలేదు. మూడుసార్లు చుట్టాను, మూడుసార్లూ వెలగలేదు. సారు నా చేతుల వైపు చూశారు.

"ఆ పొద్దు చేతికి ఏముండె?"

"ఏమీ లేదు సార్. గాజులే. అంతకు ముందురోజు మా అక్క సీమంతం."

"పోయి వేసుకోని రా. ఈడనే కూర్చోని చుట్టు."

బజారులో డజను గాజులు కొని తొడుక్కుని వచ్చి చుట్టాను. తీగను లోపలికి నొక్కినప్పుడల్లా గాజులు దాని మీద రాసుకుంటున్నాయి. తీగకున్న పూత గీసుకుపోయి, ఆ చోట తీగ ఇనుముకు తగిలింది. దీపం వెలిగింది.

"ఇన్నాళ్ళూ ఆ కాగితాన్ని తిట్టుకుంటా ఉన్నావు పాపం" అని సారు నవ్వారు.

ఆ పనిని ఫైలులో మొట్టమొదట పెట్టాను. మోటార్లు బాగుచేసే ఒక చిన్న కంపెనీ యజమాని దాన్ని రెండుసార్లు చదివి, నా బోసి చేతులు చూసి, సోమవారం రమ్మన్నాడు. నాన్న ఇచ్చిన గడువుకు ఇంకా పది రోజులున్నాయి.

ఆ కంపెనీలో ఏడేళ్ళు చేశాను. తర్వాత మా అత్తగారు నడుం విరిగి పడుకున్నారు, ఇంట్లో చిన్నపిల్ల. మానేశాను. అది సారుకు చెప్పడానికి మొహం చెల్లక కృష్ణగిరి వెళ్ళడమే మానుకున్నాను. గంటన్నర బస్సు ప్రయాణం, అంతే. ఇప్పుడిది రాయడం కూడా బరువుగానే ఉంది.

చివరిసారి ఆయన హోసూరు బస్టాండులో కనబడ్డారు. చిక్కిపోయారు. తప్పించుకోలేక, ఉద్యోగం మానేశానని చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు.

"ఇంట్లో ఏమేం చెడతా ఉంటాయి?" అన్నారు.

కిందటి నెల నీళ్ళ మోటారు బాగుచేసిన మనిషి వెళ్ళాక నీళ్ళు సన్నగా వచ్చాయనీ, కారణం నేనే కనిపెట్టాననీ చెప్పబోయాను. ఆయన చేతిసంచి కింద పెట్టేశారు.

"కారణం చెప్పొద్దు. మొదట ఏం చూసినావు?"

వాల్వు చూశానన్నాను. తర్వాత? పైపు. తర్వాత? కృష్ణగిరి బస్సులు రెండు వెళ్ళిపోయాయి. మూడోదానికి కండక్టరు కేకవేస్తే ఎక్కారు. అసలు సంగతికి ఇంకా రానేలేదు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి ఒక వేలు బయటికి పెట్టి, గాలిలో కుడివైపుకు గుండ్రంగా తిప్పుతూ, కనుబొమలెత్తి అడిగారు. నేను కూరల సంచి ఇంకో చేతికి మార్చుకుని, నా వేలు ఎడమవైపుకు తిప్పి చూపించాను. బాగుచేసినవాడు వైర్లు తారుమారుగా కలిపితే మోటారు ఎదురుదిక్కుకు తిరుగుతోందని.

ఆయన వేలు ఆగింది. తర్వాత ఎడమకు తిరగడం మొదలుపెట్టింది. బస్సు గేటు దాటి రోడ్డెక్కేదాకా ఆ వేలు అలా తిరుగుతూనే ఉంది.