మూడో స్కాన్

కటక్‌లో మా సందు చివర పెరుగులో నానేసిన దహీబరా వడలు అమ్మే కుంజలత అసలే నోరున్న మనిషి. ఆమె నాలుగేళ్ల కూతురికి గుండె జబ్బు. అప్పటికే రెండు ఆసుపత్రుల్లో సీటీ స్కాన్ తీశారు. మూడో ఆసుపత్రికి నేనూ తోడు వెళ్లాను. అక్కడి డాక్టరు, ముట్టుకుంటే మైల అన్నట్టు పాత స్కాన్ల డిస్కులు పక్కకు నెట్టి, "మళ్లీ తీయించు" అన్నాడు.

"పసిదాని ఒంట్లోకి ఇంకెంత రేడియేషన్ పంపుతారు డాక్టర్ బాబూ? ఆసుపత్రి మారితే గుండె మారుతుందా? ముందు ఇవి చూడు."

కుంజలత అక్కడి నుంచి కదల్లేదు. అతను విసుక్కుంటూనే చూశాడు.

"మొదటి దాంట్లోనే అంతా ఉంది. ఇంక అక్కర్లేదులే."

నేను హమ్మయ్య అనుకున్నాను. కుంజలత మొహం మాత్రం కందగడ్డలా అయింది.

"మరి ఆ రెండోసారి పంపింది దీని ఒంట్లోంచి ఎవడు తీస్తాడు?"