మల్లయ్య తాత ఐదు గింజలు

వానలు వెనకబట్టే రోజుల్లో, సాతంరాయి దాటగానే, రోడ్డు పక్కన సీతాఫలాల బుట్టలు దిగుతాయి. నా టాక్సీ అద్దాలు ఎంత బిగించినా ఆ మాగిన వాసన ఎలాగో లోపలికి దూరి, నా పక్క సీట్లో కూర్చుని, విమానాశ్రయం దాకా దిగకుండా వస్తుంది. నిన్న బండి ఆపి ఒక పండు కొన్నాను. వేలు ఆనించగానే విడిపోయింది. తిని, ఐదు గింజలు అరచేతిలో దాచుకున్నాను. నలభై ఏళ్ల అలవాటు ఇది.

ఈ అలవాటు చేసింది మా నాయనమ్మ తమ్ముడు మల్లయ్య తాత. వయసులో ఉన్నప్పుడు సాగర్ డ్యామ్ పనికి పోయి, నీళ్లు నిండకముందే లోయలోని బౌద్ధుల రాళ్లను కొండ మీదికి చేర్చే కూలీల్లో కలిశాడు. మా తాత ఏనుగంత బుద్ధుణ్ణి ఒక్కడే భుజాన మోశాడని నేను బడిలో చెప్పేవాణ్ణి. నిజానికి చాలామంది మోశారట, తాత తాడు పట్టుకున్నాడట. అక్కడికి వచ్చిపోయే ఒక భిక్షువు, కూలీలు సద్ది మూటలు విప్పే వేళ వాళ్ల పక్కన కూర్చుని చెప్పినవాటిలో, చదువు రాని మా తాతకు ఒక్కటే నిలిచింది: మాట పెదవి దాటేముందు దాన్ని ఐదు రకాలుగా చూసుకోవాలని. ఆ ఐదూ మరిచిపోకుండా ఊరికి తిరిగొచ్చాక సీతాఫలం గింజలకు అప్పజెప్పాడు.

"నిజమేనా, అక్కరకొస్తదా, చెప్పే యాళ్లనేనా, మెత్తగున్నదా, కడుపుల ప్రేమున్నదా" అంటూ ఒక్కో గింజను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చేవాడు. మా ఇంట్లో ఎవరికి కోపమొచ్చినా, గడ్డిలో మాగేసిన పండొకటి తెచ్చి వాళ్ల చేతిలో పెట్టేవాడు. సీతాఫలాన్ని తొందరపడి తినలేం. గింజ కొరికితే చేదు, మింగితే భయం. నోటినిండా గింజలుంటే అవతలివాళ్ల మాటకు అడ్డం పడటానికీ ఉండదు, వినాల్సిందే. పండ్ల కాలం కానప్పుడు ఎండిన గింజలతో సరిపెట్టేవాడు. ఆ నెలల్లో మా ఇంట్లో తగవులు కొంచెం ఎక్కువే.

మా ఊరి వెనక గుట్ట ఉండేది. బతుకమ్మ రోజులొస్తే దాని మీద తంగేడు పచ్చగా, గునుగు తెల్లగా విరగబూసేవి. మంచుకు తడిసిన రాళ్ల మధ్య సీతాఫలాలు కన్నులు విచ్చుకుని, ఆకుల చాటు నుంచి మమ్మల్నే చూస్తున్నట్టు ఉండేవి. ఇళ్లల్లో మలీద కోసం రొట్టెలు కాలుతున్న వాసన, బెల్లం దంచుతున్న చప్పుడు, పూల కోసం గుట్టెక్కే ఆడవాళ్ల నవ్వులు కలిసిపోయి పొద్దుటిపూటంతటికీ ఒకటే రుచి ఉండేది. ఆ గుట్ట పండ్ల మీదే బతికేది మా వెనకింటి లచ్చమ్మ పెద్దమ్మ. మొగుడు లేడు, పిల్లలు లేరు. కన్ను విచ్చుకున్న పండును వెంటనే కోయాలి, నాలుగు రోజులు ఆగితే పగిలి చిలకల పాలవుతుంది. ఆ కొద్ది వారాల్లో మోసిన బుట్టలతోనే ఆమె చలికాలం గడిచేది. ప్రతి ఏడూ మొదటి పండు నాకే ఇచ్చేది.

నా తొమ్మిదో ఏట, బడి ఎగ్గొట్టి గుట్ట మీద తిరిగి, పరుగున దిగుతూ ఊరివాళ్లకు దొరికిపోయాను. ఎందుకు ఉరుకుతున్నావని అడిగితే, చిరుతను చూశానన్నాను. మీసాలు కొడవళ్లంత ఉన్నాయన్నాను. పొద్దుగూకేసరికి చిరుతలు రెండయ్యాయి. మర్నాటికి వాటికి పిల్లలు పుట్టాయి. ఆ పిల్లలను నేను పెట్టలేదు, ఊరే పెట్టింది.

ఎనిమిది రోజులు గుట్ట ఎక్కినవాళ్లు లేరు. ఆ ఏడు బతుకమ్మలు తంగేడు లేక పొట్టిగా, గుమ్మడిపూలతో పేర్చారు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా గుట్ట మీద కుళ్లుతున్న పండ్ల పులుపు వాసన ఊళ్లోకి దిగేది. లచ్చమ్మ పెద్దమ్మ ఖాళీ బుట్టలు ముందు పెట్టుకుని కూర్చునేది. సద్దుల బతుకమ్మ నాడు నా చేతిలో మలీద ముద్ద పెట్టి, తల నిమిరింది.

"పండ్లదేమున్నది బిడ్డా, నువ్వు పానంతోని దిగొచ్చినవ్, గది చాలు."

ఆ ముద్దను తినకుండా అలాగే పట్టుకుని తాత దగ్గరికి పోయి నిలబడ్డాను. గడ్డిలోంచి పండు తీసి ఇచ్చాడు. తిన్నాను, గింజలు లెక్కబెట్టాను. మొదటి గింజ దగ్గరే ఆగిపోయాను.

"తాతా, చిరుత లేదు."

"నాకెందుకు చెప్తవ్‌రా? ఎవరి పండ్లు కుళ్లినయో ఆమెకు చెప్పు."

చెప్పాను. పెద్దమ్మ లేచి చీపురందుకుంది. వెనకే వచ్చిన తాత, చీపురు తీసుకుని ఆ చేతిలో పండు పెట్టాడు. ఆమె గోడకానుకుని తినడం మొదలుపెట్టింది. కళ్ల నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి. ఆ పండు తినడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. సరే, పావుగంట. చివరికి గింజలన్నీ ఊసి నా వైపు చూసింది.

"నీ నోరు మూస్తె నువ్వు బతకవు. రేపటి సంది నాతోని గుట్టకు రా, మిగిలినయి ఏరుదాం. దారి పొడుగూత చెప్పు. గని ముందుగాల 'కథ' అని చెప్పు. అటెనుక ఏనుగులను ఎగిరియ్యి, నాకేంది."

నాలుగేళ్లు ఆమె బుట్ట వెనక నడిచాను. ఏనుగులు ఎగిరాయి. నేను 'కథ' అనగానే ఆమె నడుము మీద బుట్ట సర్దుకుని, అడుగు నెమ్మది చేసేది.

విమానాశ్రయానికి భూములు పోయాయి, ఇళ్లు పోయాయి, గుట్టను పేల్చి చదును చేశారు. తాత అది చూడకుండానే పోయాడు. పెద్దమ్మ అంతకు ముందే కొత్తూరులో చెల్లెలి బిడ్డ దగ్గరికి చేరింది. విమానాలు మొదలైన ఏడాది, పండ్ల కాలంలో చూడటానికి పోయాను. ఆమె కళ్లు పూర్తిగా మసకబారాయి. దారిలో కొన్న పండు చేతిలో పెడితే కన్నులన్నీ వేళ్లతో తడిమింది.

"మన గుట్టదేనారా?"

గుట్ట పోయిందని ఎవరూ ఆమెకు చెప్పలేదని అప్పుడు తెలిసింది. నేనూ ఒక పండు తీసుకుని, నెమ్మదిగా తిన్నాను. ఐదు గింజలు అటూ ఇటూ చాలాసేపు మార్చాను. కాదంటే ఐదోది, ప్రేమ గింజ, జారుతోంది; అవునంటే మొదటిది, నిజం గింజ.

"పెద్దమ్మా, ఒక కథ చెప్పనా?"

ఆమె నమలడం ఆపింది. నోట్లోని గింజ తీసి అరచేతిలో పెట్టుకుంది. దాన్ని బొటనవేలితో రుద్దింది.

"చెప్పు బిడ్డా" అంది. "చిరుతను మాత్రం మరువకు."

చెప్పాను. తంగేడు పూయించాను, గునుగు పూయించాను, మీసాలు కొడవళ్లంత ఉన్న చిరుతను కాపలా పెట్టాను. మళ్లీ పండ్ల కాలం వచ్చేసరికి ఆమె లేదు.

నిన్న ఆ పండు తిన్నాక బండెక్కిన పెద్దమనిషి దారంతా ఫోన్‌లో ఎవరినో తిడుతూనే ఉన్నాడు. ఫోన్ పెట్టేశాక, ఊరికే అడిగాడు.

"ఎయిర్‌పోర్ట్ రాకముందు ఇక్కడ ఏముండేదండీ?"

స్టీరింగ్ మీద ఒక చేయి, రెండో చేతిలో గింజలు. మొదటిది నిలిచింది, రెండోది నిలిచింది. మూడో గింజ దగ్గర, చెప్పే యాళ్లనేనా అని అద్దంలో చూశాను. ఆయన మళ్లీ ఫోన్ చెవికి పెట్టుకుంటున్నాడు.

"ఏం లేదు సార్, ఒక గుట్ట ఉండె" అని, దిగేచోట బండి ఆపి, సామాను దించాను.