అమావాస్య దాకా ఆగిన సముద్రం

మా పెద్దమ్మ కాపురం నరసాపురంలో. అక్కడ రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే సఖినేటిపల్లి, అక్కణ్ణించి ఇంకాస్త వెళ్తే అంతర్వేది, దాని పక్కనే సముద్రం. అటునుంచి వచ్చే ఉప్పు గాలికి ఆవిడ ఇంటి గేటు రెండేళ్ళకోసారి తుప్పు పట్టేది. అంత దగ్గర ఉండి కూడా ముప్ఫై ఏళ్ళలో ఆవిడ ఒక్కసారీ సముద్రంలో పాదం పెట్టలేదు.

కారణం ఆవిడ శాస్త్రం. రావిచెట్టుని శనివారం తప్ప, సముద్రాన్ని పర్వదినాన తప్ప ముట్టుకోకూడదు. పోనీ అమావాస్యకి వెళ్ళరాదూ అంటే, అమావాస్యకి పెదనాన్న తర్పణాలు, మడి వంట. పౌర్ణమికి వ్రతం, ఇంటి నిండా జనం. అంతర్వేది తీర్థానికి వెళ్ళినా ఆ తొక్కిసలాటలో గుడి దాటి ముందుకు వెళ్ళింది లేదు.

"పర్వం వస్తే పని. పని లేని రోజున పర్వం కాదు. ఇంకెక్కడి సముద్రమే నాకు" అనేది నవ్వుతూ. నాకు మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండేది.

నేను డిగ్రీ రెండో ఏడు చదివే రోజుల్లో అవకాశం దానంతటదే వచ్చింది. ఆషాఢ అమావాస్యకి అన్నదమ్ములందరూ కలిసి రాజమండ్రిలో తర్పణాలు వదులుదామని పెదనాన్న నాలుగు రోజుల ముందే బయల్దేరారు. అంటే పెళ్ళయ్యాక మొదటిసారి, వంట లేని అమావాస్య! పరీక్షలు వాయిదా పడి నేను, పెద్దమ్మ కూతురు అక్క గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాం. ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుని ఆవిడని బయల్దేరదీశాం. గురువారం అంతర్వేది వెళ్ళడం, ఆదివారం పొద్దున్న స్నానం, సాయంత్రానికి ఇల్లు. అదీ ఏర్పాటు.

మా సైకిళ్ళు రెండూ పంటు మీద ఎక్కించాం. పెద్దమ్మ అవతల ఒడ్డున బస్సెక్కింది, మేం తొక్కుకుంటూ వెనకాలే వెళ్ళాం. వానలకి తడిసిన కొబ్బరితోటల మధ్య రోడ్డు, ఎదురుగా మనిషన్నవాడు లేడు. మేం చేతులు వదిలి తొక్కాం, పాటలు పాడాం, అక్క ఓ మలుపులో గేదె మీదికి వెళ్ళబోయి దానికి సారీ చెప్పింది. ఆ తర్వాత కిలోమీటరు దాకా నవ్వలేక చచ్చాం.

సత్రం మొత్తానికి మేం ముగ్గురమే. తలుపు తీసిన వాచ్‌మన్ మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఈ వానల్లో ఎవరూ రారండి అమ్మగారూ. ఏదైనా మొక్కా అండి?"

"సముద్రం చూద్దామనీ" అంది పెద్దమ్మ, తప్పు చేసి దొరికిపోయినదానిలా.

ఆ మూడు రోజులూ ఒడ్డంతా మాదే. పొద్దున్నే లైట్‌హౌస్ దాకా సైకిళ్ళు, సాయంత్రం పెద్దమ్మతో ఇసకలో నడక. ఒక్కటే చిక్కు. ఆదివారం దాకా మేం కూడా నీళ్ళు ముట్టుకోకూడదని హుకుం. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని! కెరటం వస్తే వెనక్కి పరుగు, పోతే ముందుకి పరుగు, పైగా కేకలు. రెండో రోజుకి నేను తెలివి మీరాను. తడి ఇసక మీద సైకిలు బాగా నడుస్తుందని కనిపెట్టి, నీళ్ళు వచ్చినప్పుడల్లా కాళ్ళు రెండూ హ్యాండిల్ మీదికి ఎత్తేశాను.

"చక్రానికి తగిలిందే!" అని అరిచింది పెద్దమ్మ పైనుంచి.

"చక్రం రబ్బరు పెద్దమ్మా! రబ్బరుకి శాస్త్రం లేదు!"

ఆవిడ కాసేపు నిజంగానే ఆలోచించి, రబ్బరుకి ఫరవాలేదని తీర్పిచ్చింది. ఇంక చూసుకోండి, అక్కా నేనూ చీకటి పడేదాకా కాళ్ళు పైకెత్తుకుని కోతుల్లా తొక్కాం. పెద్దమ్మ పొడి ఇసక మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు అయిపోయాక మాత్రం చూపు నీళ్ళ మీదికే పోయేది. ఆ చూపు నాకు తెలుసు. పెళ్ళివాళ్ళింట్లో అందరికీ వడ్డించి, తన విస్తరి కోసం ఎదురుచూసే మనిషి చూపు అది.

శనివారం మధ్యాహ్నానికే అమావాస్య వచ్చేసింది. వెళ్దాం పదమంటే ఒప్పుకోలేదు. సూర్యోదయానికి ఉన్న తిథే తిథిట. సరే ఆదివారమే. పంచాంగంలో చూస్తే అమావాస్య ఉదయం ఎనిమిదీ నలభై రెండు దాకానే ఉంది. సూర్యోదయానికీ ఉండాలి, మునిగేటప్పుడూ ఉండాలి, రెండూ కుదరాలి అంది. రెండో షరతు ఏ శాస్త్రంలోనూ లేదని, ఆవిడ సొంతంగా కలిపిందని నాకిప్పటికీ అనుమానమే.

ఆదివారం తెల్లవారుజామున మొదలైన వాన ఎనిమిది దాటినా తగ్గలేదు. గొడుగులు నిలవని గాలి. పెద్దమ్మ పసుపు, కుంకుమ, కొబ్బరికాయ ఉన్న సంచి ఒళ్ళో పెట్టుకుని వసారాలో కూర్చుంది. "నా రాత ఇంతేలే" అంది ఒక్కసారి. ఎనిమిదీ ఇరవైకి వాన చటుక్కున ఆగింది. నడిస్తే అరగంట. సీజను కాదు కాబట్టి రిక్షా లేదు.

"సైకిలెక్కు పెద్దమ్మా!"

"నేనా! ఎవరైనా చూస్తే?"

"ఎవరున్నారమ్మా చూడ్డానికి, గేదెలు తప్ప!" అంది అక్క.

ఎక్కింది. నా నడుం ఉడుంపట్టు పట్టింది. ఎదురుగాలి, బురద, వెనక పెద్దమ్మ. నేను లేచి నిలబడి తొక్కుతుంటే ఆవిడ ప్రతి గుంటకీ "నారాయణా" అంది. మొదటి నారాయణకి భయం, పదో నారాయణకి నవ్వు. సగం దారిలో కొబ్బరికాయ సంచిలోంచి జారి రోడ్డు పక్క కాలవ వైపు దొర్లింది. అక్క సైకిలు పడేసి దాని వెంట పడింది. "కాయ పోతే పోనీ, నువ్వు పడకే!" అని పెద్దమ్మ అరుపు. కాయ దొరికింది, అక్క మోకాళ్ళ దాకా బురద. ముగ్గురం నడిరోడ్డు మీద పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వే మా కొంప ముంచింది.

ఒడ్డుకి చేరి సైకిలు ఇసకలో పడేసి వాచీ చూశాను. ఎనిమిదీ యాభై ఒకటి.

"ఎంతయ్యిందే?"

"ఎనిమిదిన్నర" అన్నాను తడుముకోకుండా.

"కాదే, యాభై ఒకటీ!" అంది అక్క నా చెయ్యి చూసి. హరిశ్చంద్రుడి వంశం!

పెద్దమ్మ పొడి ఇసక మీద నిలబడి, కొబ్బరికాయ కింద పెట్టి, దూరం నుంచే దణ్ణం పెట్టింది. "చూశాం కదా, చాల్లే" అంది. గొంతు మామూలుగానే ఉంది. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. సముద్రం మీద, పంచాంగం మీద, పెదనాన్న మీద, అందరికన్నా అక్క మీద కోపం వచ్చింది.

పక్కన వల సర్దుకుంటున్న ఒకావిడ కేకేసింది.

"అమ్మగారూ, ఎనక్కి రండి! అమాస పోటండి, పైకొచ్చేస్తాది!"

అనడమే ఆలస్యం, మూడు రోజులూ ఎక్కడెక్కడో ఆగిపోయిన నీళ్ళు నురగలు కక్కుకుంటూ మా మీదికి వచ్చేశాయి. అలవాటుగా అక్కా నేనూ కేకలు పెట్టి వెనక్కి పరుగెత్తాం. తిరిగి చూస్తే పెద్దమ్మ అక్కడే ఉంది. కెరటం ఆవిడ పాదాలు దాటి, చీర అంచు తడిపి, కొబ్బరికాయని తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ కదల్లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

"అమ్మా!" అంది అక్క భయంగా.

పెద్దమ్మ కళ్ళు తెరిచింది. ఆ వయసులో అంత చిన్నపిల్ల మొహం నేనెప్పుడూ చూడలేదు.

"నేను ముట్టుకోలేదే" అంది. "చూశారుగా, అదే వచ్చి ముట్టుకుంది."

అని కుచ్చెళ్ళు పైకి దోపుకుని, కాళ్ళు ఇసకలో గట్టిగా దిగేసి నిలబడింది. ఆ రోజు సముద్రం ఆవిడని ఒంటిగంట దాకా ముట్టుకుంటూనే ఉంది.