ఇరుకు పక్క కాపలా

నేను హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను. చెప్పే శాస్త్రం సాంఘికమే గాని, చెప్పేవాడికి సంఘం తక్కువ. నా భార్య కువైట్‌లో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పెళ్ళయిన రెండో ఏడు వెళ్ళింది. కాంట్రాక్టు అయిపోగానే వచ్చేస్తానంది. అది అయిపోతూనే ఉంది, వాళ్ళు పొడిగిస్తూనే ఉన్నారు. పిల్లలు లేరు. ఉంటే బాగుండునని ఒకరితో ఒకరం అనుకోవడం కూడా మానేశాం. అమలాపురంలో మాది రెండు గదుల అద్దె వాటా. మంచం మాత్రం ఇద్దరిది. దాని మీద పక్క ఒకవైపే నలుగుతుంది.

ఆదివారం పొద్దున్న ఆరాధనకు వెళ్తాను. బయటికి వచ్చేటప్పుడు అందరూ ఆప్యాయంగానే పలకరిస్తారు. "అమ్మగారు ఎప్పుడొస్తన్నారండీ?" అంటారు. "వచ్చేస్తారండీ" అంటాను. ఆ జవాబుతో వాళ్ళకి వారం గడిచిపోతుంది. నాకు మాత్రం ఆ ఆదివారమే గడవదు. మధ్యాహ్నం అన్నం తిని, నిద్ర పట్టక, బండి తీసుకుని ఓడలరేవు పోయి సముద్రం ముందు కూర్చునేవాణ్ణి. సెలవు మీద వచ్చిన నా భార్యలాగా, అదీ వచ్చినట్టే వచ్చి వెనక్కి వెళ్ళిపోతుంటుంది.

అలా కూర్చున్న ఒక సాయంత్రం, కాస్త దూరంలో కొందరు మగవాళ్ళు ఒక ఫైబర్ బోటుకు భుజాలు ఆనించి, వంగి, నెడుతున్నారు. బోటు నెట్టడం అక్కడ వింత కాదు. నెట్టే పద్ధతి వింతగా ఉంది. ముగ్గురు ముందు, ఇద్దరు వాళ్ళ వెనక, ఆ ఇద్దరి మధ్యన తల దూర్చి ఇంకొకాయన, కుడివైపు అంచున మరొకడు. ఎడమవైపు అంచు ఖాళీ. అందరికంటే వెనకున్న ఆయన తల బయటికి తీసి నన్నూ, నా కళ్ళజోడునూ చూశారు.

"మాస్టారండీ! ఖాళీ అండీ? ఒక భుజం కావాలండీ!"

ఆయన అక్కడికి దగ్గర్లో చమురు, గ్యాసు పనులు చూసే ఇంజనీరు. సొంతూరు కలకత్తా. తెలుగు ఇక్కడి పనివాళ్ళ దగ్గర నేర్చుకున్నారు. 'అండీ' ఎక్కడ పెట్టాలో సరిగ్గా తెలియక, మర్యాదకు లోటు రాకూడదని అన్నిచోట్లా పెట్టేవారు. గాలికీ అండీ, బంతికీ అండీ.

చెప్పులు విడిచి వెళ్ళాను. ఎడమవైపు ఖాళీలో నన్ను వంచి, ముందున్నవాడి తొడ వెనక నా భుజం ఆనించి, పక్కవాడి నడుం చుట్టూ చెయ్యి వేయించారు. "ఊఁ!" అన్నారు. అందరం నెట్టాం. బోటు ఇసుకలో కీచుమంటూ పైకి కదిలింది. నా ధ్యాస బోటు మీద లేదు. నా చేతి కింద ఒక మనిషి నడుము ఊపిరి తీస్తోంది. నా భార్య క్రితంసారి సెలవుకు వచ్చి వెళ్ళాక నా చెయ్యి ఇంకో మనిషి మీద పడటం అదే మొదలు. ఆయన ఎవరో, పేరేమిటో తెలియదు. ఇంకో బోటు ఉంటే బాగుండుననిపించింది.

బోటు గట్టెక్కాక, దాని యజమాని సంతోషంగా వెళ్ళిపోయాక, ఇంజనీరు గారు పీచు తీయని కొబ్బరికాయలాంటి బంతిని బయటికి తీశారు. మేం చేసింది బోటు నెట్టడం కాదనీ, రగ్బీలో స్క్రమ్ము అనే కుమ్ములాటకు సాధన అనీ అప్పుడు చెప్పారు. ఒక్క సాయంత్రంలో సాయానికి వచ్చినవాణ్ణి జట్టు సభ్యుణ్ణి అయిపోయాను.

ఆ స్క్రమ్ములో చివర కాపు కాసే ముగ్గురిని వెనక వరస అంటారు. ఇంజనీరు గారు అందులో ఎనిమిదో నంబరు. నడుమ నిలబడతారు. ఎనిమిది మంది కుమ్మి గెలుచుకున్న బంతి దొర్లుకుంటూ ఆయన కాళ్ళ దగ్గరికే చేరుతుంది. దాన్ని అక్కడే తొక్కిపట్టి ఉంచాలా, వెనకున్నవాడికి వదలాలా, తానే ఎత్తుకుని పరిగెత్తాలా అన్నది ఆయన ఇష్టం. కుడి అంచున ఏడో నంబరు, అమలాపురం రూట్లో ఆటో నడిపే ఆయన. స్క్రమ్ము విడిపోగానే మైదానం ఎటు వెడల్పుగా ఉంటే అటు దూకి, బంతి నేల మీద పడ్డ చోటికి అందరికంటే ముందు చేరడం ఏడో నంబరు పని. ఎక్కడ చెయ్యి లేచినా ఇంకో ఆటో కంటే ముందు చేరడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇక ఆరో నంబరు నేను.

"ఆరు అండీ, బ్లైండ్ సైడ్ అండీ" అన్నారు ఇంజనీరు గారు.

"అంటే గుడ్డి పక్కండీ మాస్టారూ" అన్నాడు ఆటో ఆయన. "కళ్ళజోడున్నోళ్ళకే ఇత్తారంట."

స్క్రమ్ముకూ, మైదానం అంచున దగ్గరి గీతకూ మధ్య మిగిలే ఇరుకు జాగా నాది. అందరూ వెడల్పు వైపు పరిగెత్తుతారు, ఎందుకంటే బంతి సాధారణంగా అటే పోతుంది. అందరూ పోయాక ఇటు ఎవరూ లేరని అవతలివాళ్ళు ఇటు రావచ్చు. కాబట్టి ఒకడు ఉండాలి. ఏమీ రాకపోయినా ఉండాలి. ఇంకో సంగతి మెల్లగా గమనించాను. స్క్రమ్ములో ముందున్నవాళ్ళు ఒకరినొకరు పట్టుకుంటారు. నేను నా పక్కవాణ్ణి పట్టుకుంటాను. నన్ను పట్టుకునేవాడు ఎవడూ లేడు. మనుషుల కోసం ఆటలో చేరితే, జట్టు పదిహేను మందిలోనూ ఒంటరి ఉద్యోగం నన్నే వెతుక్కుంటూ వచ్చింది.

ఆ ఉద్యోగంలో నేను వెంటనే ఇరుకున పడ్డాను. కాలేజీ రోజుల్లో నేను కబడ్డీ ఆడేవాణ్ణి. కూతకొచ్చినవాణ్ణి పట్టుకోవడానికి మేం చేతులు కలుపుకుని గొలుసులా నిలబడేవాళ్ళం. పక్కవాడు ఎటు కదిలితే అటు కదలాలి. చెయ్యి వదిలితే గొలుసు తెగినట్టే. ఆ గొలుసు నా ఒంట్లో ఇంకా మిగిలి ఉందని నాకు తెలియదు. స్క్రమ్ము విడిపోగానే ఏడో నంబరు అటు దూకేవాడు. నేనూ ఆయన వెనకే. కొన్నిసార్లు చెయ్యి కూడా చాపేవాణ్ణట. ఖాళీ చేసిన నా ఇరుకు పక్క నుంచి అవతలివాడు, ఎవరి పెరట్లోనో నడిచినట్టు, నింపాదిగా వెళ్ళి మా చివరి గీత దాటి బంతి నేలకు ఆనించేవాడు.

"మాస్టారూ, నేనెళ్ళిన చోటికల్లా మీరొచ్చేత్తే ఎలాగండీ?" అన్నాడు ఆటో ఆయన ఒకరోజు, రొప్పుతూ. "నేనేవన్నా మీ మిసెస్సునాండీ?"

"మా మిసెస్సు వెనక వెళ్ళడానికి వీసా ఇవ్వలేదు బాబూ. నీ వెనకైతే అక్కర్లేదు కదా" అన్నాను.

అందరూ నవ్వారు. ఇంజనీరు గారు మాత్రం నవ్వలేదు. సాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచారు.

"విశాఖ వాళ్ళు మ్యాచ్‌కి వస్తున్నారు అండీ. మీరు మీ పక్కన ఉండాలి అండీ. అప్పటికి కుదరకపోతే కొత్తగా వస్తున్న ఆ డిగ్రీ స్టూడెంట్‌కి ఆరు ఇచ్చేస్తాను అండీ. మీరు చూడ్డానికి రండి."

ఆయన మృదువుగానే అన్నారు. చివరి మాటకు అండీ తగిలించడం ఆ ఒక్కసారి మర్చిపోయారు. బండి మీద ఇంటికి వస్తుంటే దారి పొడుగునా ఆ మాటే వినిపించింది. చూడ్డానికి నాకు సముద్రం ఉంది. నాకు కావలసింది వంగినప్పుడు భుజానికి తగిలే మనిషి, తప్పు చేస్తే విసుక్కునే మనిషి, ఆదివారం రాకపోతే "ఏవయ్యారండీ?" అని అడిగే మనిషి. ఆ నంబరు పోతే ఇవన్నీ పోతాయి.

ఆ రాత్రి నా భార్య వీడియో కాల్‌లో మామూలు ప్రశ్నలే అడిగింది.

"తిన్నారా?"

"తిన్నాను. నువ్వు?"

"తిన్నాను. ఆ చెవేంటండీ, అలా కందిపోయింది?"

"ఆటలో రాసుకుంది."

"కొబ్బరినూనె రాయండి."

అది ఏ ఆట అని అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇన్నేళ్ళలో మా మాటలు అరిగి అరిగి, జేబులో చిల్లర మాదిరి, రోజూ అవే చేతులు మారేవి.

ఒక్కణ్ణీ నిలబడటం సాధన చేయాలనుకున్నాను. ఇంట్లో రోజూ చేస్తున్నదే కదా అనుకోకండి. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఒంటరిగా ఉంటాను. అందరూ అటు పరిగెత్తుతుండగా ఇటు ఉండిపోవడం వేరే విద్య. ఆరాధన ముగిసి అందరూ గుమ్మం వైపు కదిలినప్పుడు కుర్చీలో కదలకుండా కూర్చుని చూశాను. కాళ్ళు ఒకటే పీకాయి. కాసేపటికి పాస్టరు గారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "ఏవైనా ప్రార్థన అవసరత ఉందాండీ మాస్టారూ?" అన్నారు. ఆరో నంబరు నిలబడాలని ప్రార్థించమని ఎలా అడగను? "అమ్మగారి గురించండీ" అన్నాను. పాపం, ఆయన చాలాసేపు ప్రార్థించారు.

మ్యాచ్ అమలాపురంలో ఒక కాలేజీ మైదానంలో పెట్టారు. గోలు స్తంభాలకు సరుగుడు కర్రలు పాతారు. చూడటానికి వచ్చినవాళ్ళలో సగం మంది, మేం ఎప్పుడు ఖాళీ చేస్తే అప్పుడు క్రికెట్ ఆడుకుందామని వచ్చినవాళ్ళే. ఇంజనీరు గారు నాకే ఆరో నంబరు చొక్కా ఇచ్చారు. ఇస్తూ, గీత బయట ఒళ్ళు విరుచుకుంటున్న డిగ్రీ కుర్రాడి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు.

మొదటి స్క్రమ్ములో నిలబడ్డాను. రెండోదాంట్లోనూ నిలబడ్డాను. బంతి ప్రతిసారీ అటే పోయింది. ఆట అంతా అటే జరిగింది. కేకలు అటే, దెబ్బలు అటే, దుమ్ము కూడా అటే. నాకు అప్పుడప్పుడు ఆ దుమ్ములో కాస్త వాటా వచ్చేది. స్క్రమ్ములు లేనప్పుడు పరిగెత్తాను, ఒకరిద్దరిని పడేశాను, నేనూ పడ్డాను. కాని స్క్రమ్ము పడ్డప్పుడల్లా మళ్ళీ ఆ ఇరుకు జాగా, నేనూ.

ఆట ముగిసే వేళకు మేం నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. మా ఎడమ గీతకు దగ్గరగా స్క్రమ్ము పడింది. బంతి వేసే వంతు వాళ్ళది. కుమ్మాం. బంతి వాళ్ళ ఎనిమిదో నంబరు కాళ్ళ దగ్గరికి చేరింది. ఆయన గడ్డం ఉన్న పొడుగాటి మనిషి. బంతిని కాలి కింద ఉంచుకుని తల ఎత్తి నా వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే మా ఆటో ఆయన అటు వదిలించుకుని పోయాడు. ఆయన వెనక మా వాళ్ళందరూ. నా కాళ్ళు వాళ్ళతో పాటే బయల్దేరబోయాయి. చెయ్యి గాలిని పట్టుకుంది. బలవంతాన రెండు కాళ్ళూ నేలకు అదిమి, ఆ గడ్డం ఆయన వైపు తిరిగి నిలబడ్డాను.

ఆయన నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. నాకు ఆ క్షణం ఎంత భయం వేసిందో, ఎవరో ఒకరు నన్ను అంత శ్రద్ధగా చూస్తున్నందుకు అంత హాయిగానూ ఉంది. తర్వాత ఆయన బంతిని వెనక్కి వదిలేశాడు. అది వెడల్పు వైపు పోయింది. అక్కడ అందుకోవలసినవాడి చేతుల్లోంచి జారింది. జారిన చోట మా ఏడో నంబరు అప్పటికే ఉన్నాడు.

ఆయన బంతిని చంకలో పెట్టుకుని దూరపు మూలకు పరిగెత్తి, గీత దాటి, దాని మీద బోర్లా పడ్డాడు. ఆయన మీద ఇంకొకడు, వాడి మీద ఇంకొకడు. మైదానానికి ఆ చివర మనుషుల కుప్ప. నేను ఈ చివర. నా ఎదుటి గడ్డం ఆయన కూడా వెళ్ళిపోయాడు. అప్పుడు గుర్తొచ్చి పరిగెత్తాను. నలభై దాటిన కాళ్ళతో మైదానం వెడల్పంతా దాటి చేరేసరికి, కుప్ప విడిపోయి అందరూ మట్టి దులుపుకుంటున్నారు.

"ఇప్పుడాండీ మాస్టారూ రావడం!" అన్నాడు ఆటో ఆయన. "కావిలింతలన్నీ అయిపోయేయండీ!"

ఇంజనీరు గారు నా దగ్గరికి వచ్చారు. "అక్కడే ఉన్నారు అండీ?"

"ఆయ్, ఉన్నానండీ."

"బంతి మనది అయ్యాక రావచ్చు అండీ" అన్నారు. నా మొహం చూసి మొదటిసారి నవ్వారు. "ఆరు మీదే అండీ. వచ్చే ఆదివారం బోటు ఉంది అండీ."

గీత దాటి బంతి ఆనించినందుకు ఐదు పాయింట్లు వచ్చి, ఒక్క పాయింటు తేడాతో గెలిచాం. ఆ రోజు సాయంత్రం ఆరో నంబరు ఉతికి ఆరేశాను. దండెం మీద ఒక్కటే చొక్కా.

మా వాట్సాప్ గుంపులో ఎవరో ఒక ఫొటో పెట్టారు. ఆ మూల మనుషుల కుప్ప, కింద నుంచి ఆటో ఆయన ఒక చెయ్యి. గెలిచామని రాసి ఆ ఫొటో నా భార్యకు పంపాను. కాసేపటికి తనే కాల్ చేసింది. తిన్నారా అనలేదు.

"ఈ చివర, కర్రలకి అవతల చిన్నగా కనిపిత్తుంది మీరే కదండీ?"

నేను ఆ ఫొటోలో ఉన్నానని నాకే తెలియదు. పెద్దది చేసి చూస్తే, గింజంత మనిషి, నడుం మీద ఒక చెయ్యి.

"మొహం కూడా కనపడట్లేదు, ఎలా తెలిసింది?"

"నేను లోపలికెళ్ళేక ఎయిర్‌పోర్టు గేటు బయట ఇలాగే నుంచుంటారండీ మీరు. నేను అద్దంలోంచి చూత్తానే ఉంటాను." ఫొటో మళ్ళీ చూసినట్టుంది. "అందరూ అక్కడుంటే మీరొక్కరూ ఇక్కడేం చేత్తన్నారు?"

"అక్కడే ఉండమన్నారు."

"ఎందుకూ?"

చెప్పడానికి మాటలు చాలక, ఫోనును ఆవకాయ జాడీకి ఆనించి, బల్ల మీద స్క్రమ్ము పేర్చాను. ముందు వరస మూడు గ్లాసులు. వాటి వెనక ఉప్పు డబ్బా, పంచదార డబ్బా. మధ్యన వెనగ్గా గరిట, అది ఇంజనీరు గారు. అటు చెంచా ఏడు, ఇటు చెంచా నేను. వెల్లుల్లి రెబ్బ బంతి. ఆమె ఒక్కో ప్రశ్న అడుగుతూనే ఉంది. ఆ గరిటాయన ఎప్పుడు వదుల్తారు? ఆ చెంచా ఎందుకు ముందే పోతుంది? మిమ్మల్ని ఎవరూ పట్టుకోరేంటి? నేను పెళ్ళయిన కొత్తలోలాగా చేతులు ఊపుతూ చెబుతున్నాను. వెల్లుల్లి రెబ్బను గరిట దగ్గరికి చేర్చేసరికి అటువైపు ఎవరో ఆమెను పిలిచారు.

"డ్యూటీకి టైమయ్యిందండీ. బంతి గరిటాయన దగ్గరుంది కదా, అక్కడే ఉంచండి. కదపకండి. రేపు అక్కణ్ణించి చెబుదురు గాని."

ఆకలేసింది. బల్ల మీద చోటు లేదు. అన్నం కంచం పట్టుకుని వంటింట్లో గట్టు దగ్గర నిలబడి తిన్నాను. ఉప్పు డబ్బా రెండో వరసలో ఉంది కాబట్టి చారు చప్పగానే పోసుకున్నాను.