నాలుగు దగ్గర ఆగిన మీటరు

ఆ అరచెయ్యి గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. రెండువేల అయిదు ప్రాంతంలో, తెనాలిలో రొయ్యల చెరువులకు ఆక్సిజన్ మీటర్లు తయారుచేసే కంపెనీలో నేను పనిచేసినప్పటి మా ఓనరుగారిది. ఎవరేమన్నా దాన్ని గాల్లో కిందికి అదిమి, "కంగారొద్దయ్యా" అనేవారు.

నీళ్లలో ఆక్సిజన్ లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్యలకు ప్రమాదం. ఆయనేమో అంకె నాలుగు కంటే కిందికి దిగకుండా మీటరు లోపలి మైక్రోకంట్రోలర్ చిప్ ప్రోగ్రాములో హద్దు పెట్టారు.

"తక్కువ చూపిస్తే రైతు మన మీటర్నే తిడతాడయ్యా!"

ప్రమాదం చెప్పని మీటరు దేనికండీ అని అరిచాను. మళ్లీ అదే అరచెయ్యి.

ఒకరోజు రేపల్లె రైతు మీటరు తెచ్చి బల్లమీద పడేశాడు. "తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలి చచ్చిపోయాయండి. ఇదేమో నాలుగే చూపిస్తోందేంటండి?"

నేను కోపంగా సెన్సార్ వైరు పీకేశాను. అయినా నాలుగే.

ఓనరుగారు అరచెయ్యి అదిమి, రైతుతో మురిపెంగా అన్నారు: "చూశారా, ఎంత నిలకడగా ఉందో!"