కడగని గ్లాసు

మా పై వాటాలో ఉండే మామ మొన్న సోమవారం ఉప్పల్‌లో దవాఖానాలోనే కన్నుమూశాడు. రక్తసంబంధం లేదు. నేను కింద అద్దెకు దిగిన రోజు ఆయన నన్ను ‘అల్లుడా’ అని పిలిచాడు. అంతే, ఎనిమిదేళ్లుగా ఆయన మామ, ఆయన భార్య అత్తమ్మ.

నాచారంలో ఓ మందుల కంపెనీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ మిషన్లు బిగించడానికి వచ్చిన ఫ్రాన్సు ఇంజనీరు వెళ్తూ వెళ్తూ ఆయనకో సీసా ఇచ్చాడట. ఓక్ చెక్క పీపాలో పాతికేళ్లు నిలవున్న ద్రాక్ష బ్రాందీ. ఏడాదికి మూడు నాలుగు ఆదివారాలు, మధ్యాహ్నం భోజనానికి ముందు, ఇరానీ చాయ్ గ్లాసుల్లో అడుగు తడిసేంత పోసేవాడు.

మొదటిసారి పిలిచినప్పుడు నేను ఐసు, సోడా, కారం పల్లీలు పట్టుకుని పైకి వెళ్లాను. మీరూ నవ్వొచ్చు. మామ తల పట్టుకున్నాడు.

“ఏంది అల్లుడా, బిర్యానిల సాంబారు పోస్తవా? గ్లాసు అరచేతిల పట్టుకొని పది నిమిషాలు ఊకో.”

పది నిమిషాలు! ఊరుకోవడం నాకు చేతనవుతుందా? ముక్కు గ్లాసులో దూర్చబోతే చెయ్యి పట్టి ఆపాడు. “గడ్డం కాడ పట్టు, వాసన అదే వస్తది. మొదటి చుక్క నాలుకకు సలాం కొట్టుడే. రుచి రెండోదానికి.”

ఎండుద్రాక్ష, నారింజ తొక్క, పాత చెక్క బీరువా అని కళ్లు మూసుకుని ఒక్కొక్కటే చెప్పాడు. నాకు దగ్గుమందు వాసనే వచ్చింది. ఆ మాటే అనేశాను. పడీపడీ నవ్వి, “గ్లాసు కడగకు. తెల్లారి సూడు, అసలు వాసన ఖాళీ గ్లాసులనే ఉంటది” అన్నాడు. “ఏం పిచ్చో” అని అత్తమ్మ గొణుక్కుంది.

చివరి వారం దవాఖానా మంచం మీద నుంచి అడిగాడు. “జర ఆ సీసా తేరాదు. తాగను, వాసన సూస్త అంతే.”

“డాక్టర్ తిడుతడు మామా.”

“పోనీ, ఖాళీ గ్లాసన్న తే.”

“ఇంటికొచ్చినంక సూద్దువు తియ్యి” అని కసురుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు. ఖాళీ గ్లాసు ఎవరినేం చేస్తుంది? తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మూడో రోజు డాబా మీద పిట్టకు పెట్టాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి కాకి కోసం చూడటం మా దగ్గర ఆనవాయితీ. మటన్, పచ్చిపులుసు, పక్కన గ్లాసులో బ్రాందీ. మామ తమ్ముడు ప్రేమకొద్దీ దాని నిండా సోడా పోశాడు. కాకులు పిట్టగోడ మీద కూర్చున్నాయి గానీ ఒక్కటీ దిగలేదు.

“సోడా పోస్తె ఆయనెట్ల ముడుతడు?” అంది అత్తమ్మ, ఏడుస్తూనే కోపంగా.

వేరే గ్లాసులో సీసాలోని చివరి చుక్కలు వంచి, అరచేతిలో పట్టుకుని నిలబడ్డాను. చుట్టాలంతా ఎండలో పది నిమిషాలు ఊరుకున్నారు. గ్లాసు విస్తరి పక్కన పెట్టి వెనక్కి జరిగాక ఒక కాకి దిగింది. మటన్ ముక్క కరుచుకుని, పోతూ పోతూ గ్లాసును తన్నేసింది. అత్తమ్మ ఆ గ్లాసు తీసుకుని కిందికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి అది మామ ఫోటో ముందు ఉంది, కడగకుండా.

“నాకేం తెలుస్తది, నువ్వు సూడు” అంది.

గడ్డం దగ్గర పట్టుకున్నాను. ఎండుద్రాక్ష. ఆ వెనకే పాత బీరువా. ఎనిమిదేళ్లకు!

“వస్తున్నదా?”

“మస్తు వస్తున్నది అత్తమ్మా.”

గ్లాసును ఫోటోలో మామ గడ్డం దగ్గరికి తీసుకెళ్లి పట్టుకున్నాను. చెయ్యి నొప్పెట్టినా దించలేదు. పది నిమిషాలు.